'వచ్చిన భాషలు' అనే గడి

ఈ పత్రికలో నేను ఇంతవరకు రాసినవన్నీ చట్టాల గురించో, ప్రభుత్వ ఉత్తర్వుల గురించో, న్యాయస్థానాల తీర్పుల గురించో. 350ఎ అధికరణం ప్రస్తావన లేని వ్యాసం కనిపిస్తే అది వేరెవరో రాసినదని మిత్రులు పరిహాసమాడుతుంటారు. ఈ నెల ఒక ఆటల పత్రికను, అదీ అచ్చు నిలిచిపోయి చాలా కాలమైన అమెరికా పత్రికను, మెచ్చుకొంటూ రాయబోతున్నాను. హోసూరు, కృష్ణగిరి, తిరువళ్లూరు ప్రాంతాల పాఠకులకు దానితో ఏమి నిమిత్తమని అనిపించవచ్చు. కొంచెం ఓపిక పట్టవలసిందిగా ప్రార్థన.

గత వేసవి సెలవులలో, బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా పెద్దక్క కొడుకు కోవిల్‌పట్టికి వచ్చాడు. అతని సంచిలో పాత పుస్తకాల అంగడిలో కొన్న ఇంగ్లీషు పత్రికలు నాలుగైదు ఉన్నాయి. పేరు 'డ్రాగన్'. అట్టల మీద రెక్కల సర్పాలు, కత్తులు, మంత్రగాళ్లు. "చదివి చూడండి మామా, మీ కేసులకు పనికివస్తాయి" అన్నాడు నవ్వుతూ. నేను వాటిని పక్కన పెట్టేసేవాడినే. కాని వాటిలో ఒకటి, 1982 అక్టోబరు నాటి 66వ సంచిక, తిరగేస్తుండగా దొంగల రహస్యభాషకు రాసిన చిన్న వ్యాకరణం, దాని వెంట ఒక పదకోశం కంటబడ్డాయి. ఆ భాష లోకంలో ఎక్కడా లేదు. ఒక ఆటలోని దొంగలు తమలో తాము మాట్లాడుకోవడానికి ఎవరో ఒక రచయిత కూర్చొని కల్పించినది. లేని భాషకు ఇంత శ్రద్ధా అనుకొని, ఆ రాత్రి చాలా పొద్దుపోయేదాకా ఆ పత్రికలే చదువుతూ కూర్చున్నాను.

ముందు ఆట గురించి చెప్పాలి. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు రూపొందించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుండి వెలువడింది. ఒక బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. వారిలో ఒకరు కథకుడు. తక్కినవారు ఆ కథలోని పాత్రలు. "కొండగుహ ముందు నిలబడి ఉన్నారు. లోపలినుండి పొగ వస్తున్నది. ఏం చేస్తారు?" అని కథకుడు అడుగుతాడు. ఎవరికి తోచినది వారు నోటితో చెప్పాలి. ఒకరు లోపలికి తొంగి చూస్తానంటారు, ఒకరు చెట్టెక్కుతానంటారు, ఒకరు వెనక్కు పోదామంటారు. చెప్పినది నెరవేరిందో లేదో పాచికలు తేలుస్తాయి. వాటిలో నాలుగు ముఖాల పాచిక మొదలుకొని ఇరవై ముఖాల పాచిక వరకు ఉన్నాయి. గెలిచినవాడు, ఓడినవాడు అంటూ ఎవరూ ఉండరు. పటమూ కాయలూ లేకపోయినా ఆట సాగుతుంది. మాట లేకపోతే సాగదు.

మన ఇళ్లలో అవ్వ కథ చెప్పేటప్పుడు పిల్లలు 'ఊఁ' కొట్టేవారు. ఊకొట్టడం ఆగితే అవ్వ కథ ఆపేది. ఈ ఆటలో ఊకొట్టేవాడికి పదోన్నతి లభించింది. రాజకుమారుడు అడవిలో దారి తప్పాడని అవ్వ చెప్పి, ఇక నువ్వే ఆ రాజకుమారుడివి, ఎటు పోతావో చెప్పమంటే ఎలా ఉంటుందో, ఈ ఆట అలా ఉంటుంది.

ఈ ఆటకు తోడుగా 1975లో 'స్ట్రాటజిక్ రివ్యూ' అనే పేరుతో ఆరు పుటల చిన్న పత్రిక మొదలైంది. 1976 జూన్‌లో దాని స్థానంలో 'డ్రాగన్' వచ్చింది. (మా కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసెవల్ గ్రామవాసి కి. రాజనారాయణన్ గారి 'గోపల్ల గ్రామం' నవల వెలువడినదీ ఆ 1976లోనే. ఆ సంగతికి మళ్లీ వస్తాను.) ఆ పత్రిక 2007 సెప్టెంబరులో 359వ సంచికతో అచ్చులో ఆగిపోయింది, తరువాత 2013 వరకు ఇంటర్నెట్‌లో నడిచింది. యాజమాన్యాలు మారాయి, సంపాదకులు మారారు. ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఒక ఆటల పత్రిక కాగితం మీద నిలిచిందంటే, దానిని నిలబెట్టినవారు పాఠకులే అయి ఉండాలి.

నిజంగానే వారే. ఆ పత్రికలో నాకు మొదట నచ్చిన గుణం అదే. రాసేవాడికీ చదివేవాడికీ మధ్య అక్కడ గోడ చాలా పలుచన. కెనడాలో ఒక గ్రంథాలయంలో పనిచేసే ఎడ్ గ్రీన్‌వుడ్ అనే యువకుడు తాను చిన్ననాటి నుండి ఊహించుకొంటున్న ఒక లోకాన్ని గురించి 1979 నుండి ఈ పత్రికకు వ్యాసాలు పంపుతూ వచ్చాడు. అక్కడి ఊళ్లు, రాజులు, మంత్రగ్రంథాలు, ఎవరికి ఎవరితో పగ ఉన్నది, అన్నీ. 1987లో ఆ లోకం 'ఫర్గాటెన్ రెల్మ్స్' అనే పేరుతో ఆ ఆటలో భాగంగా వెలువడి, ఆనక లక్షలమంది తిరిగే దేశమైంది. ఆటలో సందేహాలకు జవాబులిచ్చే శీర్షిక ఒకటి ఉండేది. చచ్చినవాణ్ని మంత్రంతో లేపితే వాడి పాత చెప్పులు కూడ లేస్తాయా వంటి ప్రశ్నలను మా హైకోర్టు మదురై ధర్మాసనంలో సర్వీసు వ్యాజ్యాలు విచారించినంత గంభీరంగా తీసుకొని తేల్చేవారు. (చెప్పుల ప్రశ్న నా కల్పనే, గాంభీర్యం మాత్రం వారిది.) లేని మృగానికి జీవశాస్త్రం రాసే వ్యాసాలు మరొక వరుస: అది ఏం తింటుంది, ఎక్కడ గుడ్లు పెడుతుంది, పిల్లలు ఎట్లా పెరుగుతాయి. ఇలాంటి పని చేయడానికి పిచ్చి కావాలి. ఆ పిచ్చికి పుటలు ఇవ్వడానికి సంపాదకుడికి కొంత ధైర్యం కావాలి.

ఇక భాషల సంగతి. ఈ ఆటలో ప్రతి పాత్రకూ ఒక చీటీ ఉంటుంది. పేరు, బలం, తెలివి, చేతిలోని ఆయుధం, మూటలోని సరుకు. వాటి నడుమ 'వచ్చిన భాషలు' అనే గడి ఒకటి. అందరికీ తెలిసిన వ్యవహార భాష ఒకటి ఉంటుంది. దానికి తోడు ఒక్కొక్క జాతికి తన భాష. మరుగుజ్జులది ఒకటి, వనవాసులది ఒకటి. ఈ ఆట పాత నియమాలలో ఒకటి చదివి నేను నిజంగా ముగ్ధుడినయ్యాను: పాత్రకు తెలివి ఎంత ఎక్కువ ఉంటే అది అన్ని ఎక్కువ భాషలు నేర్చుకోవచ్చు. మరొక భాష రావడం అక్కడ కత్తి ఉన్నట్టు, కవచం ఉన్నట్టు ఒక బలం. ద్వారం దగ్గర కాపలా ఉన్న రాక్షసుడి భాష వచ్చినవాడు కత్తి దూయకుండానే లోపలికి పోగలడు. మన బడులలో ఇంటిభాషను బరువుగానూ, ఆటంకంగానూ చూసే ఉపాధ్యాయులను నేను ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. ఒక ఆట ఆ గడిని బలాల పట్టికలో పెట్టింది.

చదివి ఊరుకొని ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. జూన్ నెలలో ఒక ఆదివారం విరుదునగర్‌లో మా చిన్నక్క ఇంట్లో పిల్లలు అయిదుగురు కూడారు. తొమ్మిదేళ్లనుండి పద్నాలుగేళ్లలోపు వాళ్లు. అందరి ఇళ్లలోనూ తెలుగే. మేనల్లుడు కథకుడు. అతని ఇరవై ముఖాల పాచిక బెంగుళూరులోనే ఉండిపోయింది. మా అమ్మ పెట్టెలోనుండి ఇత్తడి దాయక్కట్టెలు తీసి ఇచ్చింది. ఈ ప్రాంతంలో ఆడవాళ్లు దాయం ఆడేవి, నాలుగు పలకల పొడుగు పాచికలు. రెంటి మీదా ఖాళీ పడితే పన్నెండు. అమెరికా పాచికల కంటె అవే బాగా మోగాయి.

ఒక్కొక్కరికి ఒక చీటీ. పిల్లలు శ్రద్ధగా నింపారు. మా చిన్నక్క కూతురికి పన్నెండేళ్లు, చదువులో దిట్ట. ఆమె పాత్ర విలుకత్తె. 'వచ్చిన భాషలు' అనే చోట తమిళం, ఇంగ్లీషు, కొంచెం హిందీ అని రాసింది. ఆ పొద్దున వాళ్లమ్మ తెలుగులో కేకేసి లేపితే లేచిన పిల్ల, తెలుగులోనే ఇడ్లీ వద్దని పేచీ పెట్టిన పిల్ల. తెలుగు రాయలేదేమమ్మా అని అడిగాను.

"నాకు రాయను రాదు కదా మామా. రానిదాన్ని వచ్చినట్టు రాస్తే తప్పు కాదా?"

ఆ పిల్ల నిజాయితీకి నాకు నోట మాట రాలేదు. న్యాయస్థానంలో ఇంతకంటె కఠినమైన ప్రశ్నలకు సమాధానం చెప్పి ఉంటాను. లిపి లేనిది భాష కాదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. బడిలో ఏ భాషకు పుస్తకం ఉన్నదో, పరీక్ష ఉన్నదో చూసి ఆమే తీర్మానించుకొన్నది. 2011 జనగణనలో తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు 42 లక్షల 34 వేల మంది, రాష్ట్ర జనాభాలో నూటికి ఆరుగురికి కొంచెం తక్కువ. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, గణకుడు వచ్చినప్పుడు ఏదో ఒకటి రాసుకోమన్నవారు ఇంకెందరో ఆ లెక్కలో లేరు. తరువాతి జనగణనకు 2027 మార్చి 1ని ప్రాతిపదిక తేదీగా ప్రకటించారు. అందులోనూ మాతృభాషకు ఒక గడి, వచ్చిన ఇతర భాషలకు ఒక గడి ఉంటాయి. మన ఉద్యమం ఆ గడి నింపమని ఇంటింటికీ తిరిగి చెబుతుంది, చెప్పాలి కూడ. అయితే ఆ పన్నెండేళ్ల పిల్ల తన చీటీలో ఏం రాస్తుందో రేపు గృహిణి అయినప్పుడు గణకుడికీ అదే చెబుతుంది.

నేను తడుముకొంటుండగా మేనల్లుడు ఆట మొదలుపెట్టాడు. అతడు ఎన్నుకొన్న కథ మా ప్రాంతపు తెలుగు కుటుంబాలలో చాలామంది అవ్వలు చెప్పేదే. రాజభయంతో ఒక వంశం రాత్రికి రాత్రి ఊరు విడిచి దక్షిణానికి పారిపోతుంది. వెనక గుర్రపు దళం. ముందు పొంగి పారుతున్న ఏరు. ఒడ్డున ఉన్న చెట్టు వాళ్ల మొర విని అవతలి ఒడ్డు దాకా వంగి వంతెన అవుతుంది. ఈ కథనే కి. రాజనారాయణన్ గారు 'గోపల్ల గ్రామం'లో తమిళంలో చెప్పి, దానిని తమిళ సాహిత్యంలో నిలబెట్టారు. మేనల్లుడు ఏటి ఒడ్డు దాకా తెచ్చి ఆపాడు. చెట్టు కింద ఒక ముసలాయన కూర్చొని ఉన్నాడన్నాడు. చెట్టుతో ఎట్లా మాట్లాడాలో ఆయనకు తెలుసు. ఆయనకు తెలుగు తప్ప మరొక భాష రాదు. "మీ చీటీల్లో తెలుగు ఎవరికుంది?"

అయిదుగురిలో అందరికంటె చిన్నవాడు, తొమ్మిదేళ్లవాడు, ఒక్కడే చెయ్యెత్తాడు. వాడు తెలుగు ఒక్కటే రాసి, ఇక ఓపిక లేక ఊరుకొన్నాడట. ఒక్క క్షణంలో వాడు ఆ గుంపుకు నాయకుడైపోయాడు. పెద్ద పిల్లలు వాడి చెవిలో ఏం అడగాలో చెప్పడం, వాడు నాకు తెలుసులే పొమ్మనడం. గుర్రాలు దగ్గరికి వస్తున్నాయని కథకుడు బల్లమీద వేళ్లతో డెక్కల చప్పుడు చేస్తున్నాడు. అప్పుడు మా విలుకత్తె తన చీటీలో తెలుగు చేర్చుకోవచ్చునా అని అడిగింది. ముసలాయనతో మూడు వాక్యాలు మాట్లాడి ఒప్పిస్తే చేర్చుకోవచ్చు అన్నాడు మేనల్లుడు. అది పుస్తకంలోని నియమం కాదు, అప్పటికప్పుడు పుట్టించినది.

"తాతా, పొద్దు గుంకేలోపల ఏరు దాటల్ల. చెంటిబిడ్డలుండారు తాతా. నీకు పున్నెముంటాది, ఆ చెట్టుకు రవ్వంత చెప్పు."

వంటింటి గడపలో కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అమ్మ తల ఎత్తి చూసింది. ఆ 'రవ్వంత' ఆమె మాట. ఆ పిల్ల ఆ మాటను ఎన్నడూ మా ఎదుట పలికి ఎరగదు. అయినా లోపల భద్రంగా ఉంచుకొన్నది. పాచికలు వేస్తే రెండు ఖాళీలు, పన్నెండు పడింది. చెట్టు వంగింది. తరువాత ఆట ఎటు పోయిందో నాకు సరిగా గుర్తులేదు. సాయంత్రం అందరమూ విరుదునగర్ నూనె పరోటా తిన్నాము.

చీటీ తరువాత చూశాను. మూడు భాషల కింద నాలుగోది చేర్చి ఉన్నది, తమిళ అక్షరాలలో.

ఇక్కడ నా సంగతి కొంత చెప్పాలి. నేను కూడ తెలుగు అక్షరాలు బడిలో నేర్చుకోలేదు. మా ఇంటికి ప్రతినెలా 'అంబులిమామా' వచ్చేది. మద్రాసులో ఉండే పెదనాన్నగారు ఊరికి వచ్చినప్పుడల్లా తెలుగు 'చందమామ'లు పాతవి కట్టగట్టి తెచ్చేవారు. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జూలైలో తెలుగులోనూ తమిళంలోనూ ఒకేసారి ఆరంభించిన పత్రిక అది. ఒక వేసవిలో రెంటినీ పక్కపక్కన పెట్టుకొని చూస్తే, ఒకే నెలవి దొరికినచోట, బొమ్మ అదే, కథ అదే, అక్షరాలు మాత్రం వేరు. భుజాన శవాన్ని మోస్తూ నడిచే విక్రమార్కుడి బొమ్మ కింద ఈ పక్క తమిళంలో ఉన్నదే ఆ పక్క తెలుగులో ఉన్నదని పట్టుకొని, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కొన్నాను. 'క' ఇది, 'వ' ఇది. ఆ బొమ్మ వేసిన శంకర్ గారు, అంటే కె. సి. శివశంకరన్ గారు, తమిళులు. 2020 సెప్టెంబరులో తొంభై ఆరవ ఏట కన్నుమూశారు. ఒక తమిళ చిత్రకారుడి గీత పట్టుకొని తమిళనాట ఒక తెలుగు పిల్లవాడు తన లిపిలోకి నడిచాడు. తమిళం మనకు శత్రువని మాట్లాడేవారు మనలోనూ కొందరున్నారు. వారితో నాకు అందుకే పొసగదు.

చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికలు ఉండేవి. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి 'కంచుకోట', 'రాకాసిలోయ', 'శిథిలాలయం', 'మాయాసరోవరం' వరకు. ఇద్దరు వీరులు, ఒక మాంత్రికుడు, చేరవలసిన చోటు ఒకటి, దారిలో వింతజాతులు. శిఖిముఖి, విక్రమకేసరి, జయశీలుడు, సిద్ధసాధకుడు. డ్రాగన్ పుట్టడానికి ఇరవై ఏళ్ల ముందే ఆ ఆటకు కావలసిన సరుకంతా మద్రాసు వడపళనిలో తయారవుతున్నది! లేనిదల్లా బల్ల చుట్టూ కూర్చోబెట్టడమే. బేతాళుడు ప్రశ్న వేస్తాడు. జవాబు విక్రమార్కుడు చెప్పేస్తాడు. పాఠకుడి వంతు వచ్చేది ఒక్క ఫోటో వ్యాఖ్యల పోటీలోనే. ఆ ధారావాహికల మీద రచయిత పేరు కూడ ఉండేది కాదు. డ్రాగన్‌లో గ్రంథాలయ ఉద్యోగి ఊహకు అతని పేరుతో చోటు దొరికింది. చందమామ మీద నాకు ఎంత ప్రేమ ఉన్నా ఈ తేడాను చూడకుండా ఉండలేను. ఆ చందమామ కూడ 2013 నాటికి ఆగిపోయింది. ఈనాడు విరుదునగర్‌లోని పన్నెండేళ్ల పిల్లకు పక్కపక్కన పెట్టుకొని చూసేందుకు రెండు పత్రికలు లేవు.

ఆక్షేపణలు రాకుండా ఉండవు. ఆ ఆదివారమే ఒక బంధువు 'దెయ్యాల ఆట' అన్నారు. అమెరికాలో 1980ల్లో తల్లిదండ్రులు కూడ అదే భయపడి ఈ ఆటను బడులనుండి తీసేయించాలని ఉద్యమాలు నడిపారు. మన పిల్లల పత్రికలో నెలనెలా శవం చెట్టు దిగి కథ చెబుతుంటే ఎవరికీ జడుపు పుట్టలేదని ఆయనకు గుర్తుచేశాను. ఆయన నవ్వారు కాని ఒప్పుకోలేదు. డ్రాగన్‌లోనూ నాకు రుచించనివి ఉన్నాయి: ఆడవాళ్ల బొమ్మలలో కవచం ఉండవలసిన చోట ఉండదు, కొన్ని సంచికలలో వ్యాసాల కంటె ప్రకటనలే ఎక్కువ.

మన ఉద్యమంలోని పెద్దల ఆక్షేపణ ఇంతకంటె గట్టిది. 'దాటల్ల', 'ఉండారు', 'రవ్వంత' అనే తెలుగును ప్రోత్సహిస్తే పిల్లలకు పుస్తకాల తెలుగు ఎప్పుడు వస్తుంది, తమిళ లిపిలో తెలుగు రాసుకోనిస్తే తెలుగు లిపి ఎప్పుడు వస్తుంది, అని. గౌరవంగానే విభేదిస్తున్నాను. విజయనగర, మదురై నాయకుల కాలం నుండి ఈ నల్లరేగడి నేలలో బతికిన తెలుగు ఇది. కి. రాజనారాయణన్ గారు ఈ నేల తమిళ మాటలకు నిఘంటువు కూర్చారు. పల్లెవాళ్లు మాట్లాడేదే సాహిత్యమని చాటి 1991లో 'గోపల్లపురత్తు మక్కళ్'కు సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. 2021 మే నెలలో ఆయన పోయినప్పుడు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఆయన ఇంటిభాష తెలుగు. ఆ తెలుగుకు అలాంటి నిఘంటువు కూర్చేవారు మనలో ఎవరున్నారు? అమెరికాలో ఎవరో కల్పిత దొంగలకే పదకోశం కూర్చి అచ్చు వేయించారు. మా అమ్మ 'రవ్వంత'కు అచ్చులో చోటు లేదు.

చట్టం చేయగలిగినది చట్టం చేయాలి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం వచ్చాక భాషా అల్పసంఖ్యాక విద్యార్థుల పదవ తరగతి పరీక్ష కోసం మనం ఎన్ని మెట్లు ఎక్కామో ఈ పత్రిక పాఠకులకు తెలుసు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాకా పోయి ఒక సంవత్సరం మినహాయింపు తెచ్చుకొన్నాము. ఆ పోరాటంలో నేను వెనక్కు తగ్గేది లేదు. కాని పిటిషనులో 'విద్యార్థుల మాతృభాష' అని రాసే ప్రతిసారీ ఇకమీదట ఆ విలుకత్తె చీటీ నా కళ్లముందు కనిపిస్తుంది. న్యాయమూర్తి ఆ పిల్లనే పిలిచి నీ భాషలేవమ్మా అని అడిగితే మా వాదం ఏమయ్యేది?

అందుచేత సంపాదకవర్గానికి ఒక విన్నపం. నెలకు రెండు పుటలు. ఎదురెదురు పుటలలో ఒకే కథ, ఒకే బొమ్మ: ఎడమ పుటలో తెలుగు లిపి, కుడి పుటలో అదే తెలుగు తమిళ లిపిలో. కథ ఏటి ఒడ్డు దాకా వచ్చి ఆగాలి, చివర 'ఏం చేస్తారు?' అని ఉండాలి. తరువాతిది ఇంటివాళ్లు బల్ల చుట్టూనో, అరుగు మీదనో కూర్చొని తేల్చుకొంటారు. పాత్రల చీటీలు నాలుగు మధ్య పుటలో వేస్తే పిల్లలే కత్తిరించుకొంటారు. అచ్చు ఖర్చు సంగతి శివకాశిలో ఇద్దరు ముద్రాపకులను విచారించాను. క్యాలెండర్ల పని ముగిసి యంత్రాలు ఖాళీగా ఉండే నెలలలో అయితే మన చందాలతో భరించగలిగేదే. పాచికలు కొననక్కరలేదు, దాయక్కట్టెలు చాలా ఇళ్లలో ఉన్నాయి, లేనిచోట చింతగింజలు నాలుగింటిని ఒక పక్క అరగదీస్తే సరిపోతుంది.

కథలు పాఠకులే పంపాలి. హోసూరు వైపు కోటల కథలు ఉంటాయి, తిరువళ్లూరు వైపు వేరేవి. మా వైపు ఏరు దాటిన కథ ఉన్నది, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో దెయ్యం కథ ఒకటి ఉన్నది, పశువులను వెతుకుతూ పోయి మూడు దినాలకు తిరిగివచ్చిన ముత్తాత కథ ఉన్నది. మీ అవ్వ చెప్పినది ఆమె చెప్పిన మాటల్లోనే, వచ్చిన లిపిలో రాసి పత్రిక చిరునామాకు పంపండి. పంపినవారి పేరు కథ మీద ఉంటుంది. ఆ ఒక్క షరతును సంపాదకులతో రాతపూర్వకంగా ఒప్పించే బాధ్యత నాది. ఆగస్టులో మళ్లీ విరుదునగర్‌లో కూడుతున్నాము. ఈసారి తొమ్మిదేళ్లవాడు తానే కథకుడినంటున్నాడు.